కంగారు పడకండి, టైముంది

మా అక్క కూతురు చిట్టి విమానాశ్రయం కోసం ఒక యాప్ తయారుచేసింది. మొదటిసారి చేసినప్పుడు అందులో లేనిదంటూ లేదు. దుకాణాల్లో తగ్గింపులు, వాతావరణం, పిల్లలకి ఆటలు, పెద్దలకి ధ్యానం, ఫొటో తీసుకుంటే నెత్తిమీద కిరీటం పెట్టే బొమ్మ. విడుదల చేసిన కొత్తలోనే ఒక ప్రయాణికుడు దాని కింద తన అభిప్రాయం రాశాడు: 'యాప్ చాలా బాగుంది. చూస్తూ కూర్చున్నాను. విమానం వెళ్లిపోయింది.'

ఆ మాట విమానాశ్రయం డైరెక్టర్‌గారి కంట పడింది. ఆయన చిట్టిని పిలిపించి, అరవకుండానే చెప్పారట.

"చూడమ్మా, ఇంకొక్క అవకాశం. గురువారం నేనే వస్తాను. ప్రయాణికుడిలాగా బయటి తలుపు దగ్గర మొదలుపెట్టి, నీ ఫోను పట్టుకుని గేటు దాకా నడుస్తాను. దారిలో ఒక్క మనిషిని కూడా ఏమీ అడక్కుండా చేరానా, పని నీది. అడగాల్సొచ్చిందా, వేరే కంపెనీది. వాళ్లు బయట కూర్చునే ఉన్నారు."

నిజంగానే కూర్చున్నారట, అందరూ ఒకే రంగు టైలు కట్టుకుని.

చిట్టి ఆఫీసంటే ఒక మెడికల్ షాపు పైన అద్దెగది. అందులో చిట్టి కాక ఇద్దరు. ఒకతనికి ఈ మధ్యనే పెళ్లయింది. రెండో అమ్మాయి చిట్టి మాట నమ్మి మంచి ఉద్యోగం మానేసి వచ్చింది. ఈ పని పోతే ఆ గదికి తాళం వేయడం తప్ప దారి లేదు. చిట్టి మళ్లీ పాత కంపెనీకి వెళ్లాలి. అక్కడి ఆఫీసరు, ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారని అడిగే రకం.

నేను వాళ్లింట్లోనే మేడమీద గదిలో ఉంటాను. మా ఆవిడ పోయాక మా అక్క వచ్చి, "ఒక్కడివే ఆ గోడలతో ఏం మాట్లాడతావురా, వచ్చి మాతో పోట్లాడు" అని నన్నూ నా పుస్తకాలనీ ఒకే వ్యానులో ఎక్కించి తీసుకొచ్చింది. అంతకంటే మంచి పలకరింపు ఆ రోజుల్లో నాకెవరి నోటా దొరకలేదు.

డైరెక్టర్‌గారి దగ్గరనుంచి వచ్చిన సాయంత్రం చిట్టి మెట్లమీద కూలబడింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"జనాన్ని అడిగే కదా చేశాను మావయ్యా! విమానాశ్రయంలో నిలబడి ఒక్కొక్కళ్లనీ అడిగాను."

"ఏమని అడిగావు?"

"ఆటలు కావాలా అంటే కావాలన్నారు. ఆఫర్లు కావాలా అంటే కావాలన్నారు."

"కిరీటం?"

"అదీ కావాలన్నారు."

"ఊరికే ఇస్తానంటే ఏనుగునైనా కావాలంటారమ్మా. ఎక్కడ కట్టేయాలో ఇంటికెళ్లాక ఆలోచిస్తారు."

చిట్టికి నవ్వు రాబోయి ఆగిపోయింది. "పోనీ నువ్వు చెప్పు. అత్తయ్య ప్రయాణాల్లో ఏం అడిగేది?"

ఆలోచించనక్కర్లేకపోయింది. "రెండే అడిగేది. బాత్‌రూమ్ ఎక్కడ, ఇంకా టైముందా. మొదటిది ఒకసారి అడిగేది. రెండోది దిగేదాకా అడిగేది."

"నువ్వేమనేవాడివి?"

"కంగారు పడకు, టైముంది అనేవాణ్ని. అప్పుడు సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి ముందు నాకిచ్చేది. దాహం తనకి, తాగాల్సింది నేను."

చిట్టి లేచి వెళ్లి కిరీటం తీసేసింది. ఆటలు తీసేసింది. మర్నాటికి ఆ యాప్‌లో మిగిలినవి ఎటు నడవాలో చూపే ఒక బాణం, నాలుగు మాటలు చెప్పే ఒక గొంతు. బాత్‌రూమ్ ఎక్కడ, కూర్చునే చోటెక్కడ, టైముందా లేదా. అంతే.

పరీక్షించి చూడాలంటే విమానాశ్రయంలోకి వెళ్లాలి. పాసులు గురువారానికే ఇస్తామన్నారు. అందుకని మా ఇల్లే విమానాశ్రయమైంది. వీధి గుమ్మం ప్రవేశద్వారం, హాలు చెక్-ఇన్, వంటింటి గుమ్మం సెక్యూరిటీ, మేడమీద నా గది గేటు. గొంతు నాది పెట్టారు. చిట్టి మాట్లాడితే విమానం కంటే వేగంగా వెళ్తుంది. నేను కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనవాణ్ని. నా గొంతుకి నిద్రపుచ్చే గుణం ఉందని చెప్పడానికి ఎన్నో బ్యాచుల విద్యార్థులు సాక్షులు.

"అదే కావాలి మావయ్యా," అంది చిట్టి. "కంగారులో ఉన్నవాళ్లకి ఆ గుణమే కావాలి. ఇంటివరకు నువ్వు చెప్పు. అసలు విమానాశ్రయానికి స్టూడియోలో ఒకావిడ చేత చెప్పించాను. గాజు గ్లాసు మోగినట్టుంటుంది."

ఫోనులో ఒక మీట పెట్టింది. 'ఇల్లు' అంటే నా గొంతు, 'విమానాశ్రయం' అంటే ఆ గాజు గొంతు. ఇంట్లో విమానాలేవీ లేవు గనుక, ఇంటి మీట మీద ఉన్నంతసేపూ టైము ఎప్పుడూ ఉన్నట్టే చెబుతుంది.

నేను ఇల్లంతా తిరిగి, ఎక్కడ ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పాను. గుమ్మం దగ్గర: 'చెప్పులు బయట వదలండి. ఇప్పుడే తుడిచారు, జారుతుంది.' హాల్లో: 'ఇక్కడ కూర్చోండి. ఎడమపక్క కుర్చీ కాలు ఊగుతుంది, వేరేది చూసుకోండి.' వంటింటి గుమ్మం దగ్గర: 'సెక్యూరిటీ వచ్చింది. ఇక్కడున్నావిడతో వాదించకండి. పొద్దుటినుంచీ నిలబడే ఉంది, పాపం.' బాత్‌రూమ్ దగ్గర: 'లోపల గడియ సరిగా పడదు. ఏదైనా పాట పాడుతూ ఉండండి.'

"ఆ పాపం ఏమిట్రా?" అంది అక్క.

"జాలి."

"నీ జాలి నాకక్కర్లేదు గానీ, ఆ గడియ బాగుచేయించు."

ప్రయాణికుడి వేషం మా బావది. బావ జీవితంలో ఏ పనీ సగంసగం చేయలేదు. అటకమీది సూట్‌కేసు దింపి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఫోను చెప్పినట్టల్లా నడిచి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు. అక్క గరిటె పట్టుకుని ఎదురొచ్చింది.

"బెల్టు తీయండి."

"ఇంట్లోనా?"

"సెక్యూరిటీతో వాదించకూడదని ఫోను చెప్పలేదూ? జేబులో ఏమిటది?"

"ఏం లేదు."

అక్క గరిటెతో జేబు మీద తట్టింది. కరకరమని చప్పుడైంది.

"బిస్కెట్లు! డాక్టరు వద్దన్నాడా లేదా?"

"విమానంలోకి బిస్కెట్లు తీసుకెళ్లొచ్చే! కావాలంటే మీ తమ్ముణ్ని అడుగు."

"ఏ విమానంలోకైనా తీసుకెళ్లండి. ఈ విమానంలోకి కుదరదు."

బావ నా వంక చూశాడు. "ఏవోయ్ బావమరిదీ, నీ గొంతు ఇదంతా ముందే చెప్పొద్దూ?"

"వాదించొద్దని చెప్పాను కదా బావా."

ఆ వారమంతా బావ సెక్యూరిటీలో తప్పుతూనే ఉన్నాడు. సాక్సులో దాచినా అక్క పట్టుకునేది.

గురువారం పొద్దున చిట్టి తయారై బయలుదేరబోతుంటే బావ మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్కసారి తల్లీ. చివరిసారి. ఇవాళ జేబుల్లో ఏమీ లేదు. ఒట్టు."

టాక్సీ వచ్చేస్తోంది. అయినా తండ్రి మొహం చూసి చిట్టి కాదనలేకపోయింది. మీట 'ఇల్లు' వైపు తిప్పింది. బావ గుమ్మం దాటాడు, హాలు దాటాడు, అక్క గరిటె ముందు చేతులు చాచి నిలబడ్డాడు. ఏమీ దొరకలేదు. నా గదికి చేరి, "గేటుకొచ్చేశాను!" అని మేడమీదనుంచి కేకేశాడు. అక్క అంతటితో కరిగిపోయి తనే ఒక బిస్కెట్ తెచ్చి ఇచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. కింద టాక్సీ హారన్ మోగింది. చిట్టి ఫోను సంచిలో పడేసుకుంది. నేనూ వెంట వెళ్లాను, మామూలు ముసలి ప్రయాణికుడు ఒకడు తోడుండాలని నాకూ పాసు ఇప్పించింది.

మీట ఎవరికీ గుర్తులేదు.

డైరెక్టర్‌గారు తలుపు దగ్గర సిద్ధంగా ఉన్నారు. నెరిసిన జుట్టు, మొహం చూసుకునేంతగా మెరిసే బూట్లు. వెనకాల దూరంగా ఒకే రంగు టైలు.

"మీరిద్దరూ నా వెనక నడవండి. నాతో మాట్లాడకూడదు, ఫోను ముట్టుకోకూడదు. మధ్యలో వదిలి వెళ్లిపోయారంటే పరీక్ష అయిపోయినట్టే." అని ఫోను తీసుకుని చప్పుడు పూర్తిగా పెంచారు. "నా చెవులు బాగానే ఉన్నాయి. ఈ ఫోన్లకే గొంతుండదు."

తలుపు దాటగానే ఫోను నా గొంతుతో, ఆ పెద్ద హాలంతా వినపడేటట్టు చెప్పింది: "చెప్పులు బయట వదలండి. ఇప్పుడే తుడిచారు, జారుతుంది."

చిట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇంకా గుర్తుంది. "మావయ్యా," అంది గుసగుసగా, "ఇల్లు!"

డైరెక్టర్‌గారు ఆగి తన బూట్ల వంక చూసుకున్నారు. అదృష్టం ఏమిటంటే అక్కడ నిజంగానే ఒకావిడ నేల తుడుస్తోంది. ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించి, "అబ్బ! ఇన్నాళ్లకి ఎవరో ఒకరు చెప్పారు," అంది. డైరెక్టర్‌గారు తడి తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లారు. ఒకే రంగు టైలు కూడా చుట్టూ తిరిగాయి.

బాణం సరిగ్గానే చూపిస్తోంది. అది మనిషి ఎక్కడున్నాడో చూసి నడుస్తుంది. గొంతు మాత్రమే మా ఇంట్లో ఉండిపోయింది.

చెక్-ఇన్ దగ్గర: "ఇక్కడ కూర్చోండి. ఎడమపక్క కుర్చీ కాలు ఊగుతుంది, వేరేది చూసుకోండి."

ఎడమవైపు వరసలో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి లేచారు. డైరెక్టర్‌గారు ఆ కుర్చీని చేత్తో ఊపి చూశారు. ఊగలేదు. మళ్లీ ఊపారు. కుర్చీ తప్పు దొరకనందుకు ఆయన మొహం ఎర్రబడింది.

సెక్యూరిటీ దగ్గరికి వచ్చేసరికి నేను కళ్లు మూసుకున్నాను.

"సెక్యూరిటీ వచ్చింది. ఇక్కడున్నావిడతో వాదించకండి. పొద్దుటినుంచీ నిలబడే ఉంది, పాపం."

యూనిఫారంలో ఉన్నావిడ చేతిలోని యంత్రం దింపేసింది. "ఎవరండీ ఆ మాటన్నది?"

"ఫోను," అన్నారు డైరెక్టర్‌గారు, బెల్టు తీస్తూ. ఆయన అక్కడ బెల్టు తీయడం అదే మొదటిసారని మొహంలోనే తెలుస్తోంది.

"దానికెలా తెలిసింది? నిజంగా పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాను."

వెనక వరసలో ఒక పెద్దమనిషి నీళ్లసీసా గురించి గొడవ పెట్టుకోవడానికి గొంతు సవరించుకుంటున్నాడు. ఆ మాట విని సీసాని మెల్లగా ట్రేలో పెట్టేశాడు. ఆయన వెనకావిడ కూడా తన సీసా పెట్టేసింది. వరస చకచకా కదిలింది.

బాత్‌రూమ్ గురించి చెప్పకుండా ఉండలేను. డైరెక్టర్‌గారు లోపలికెళ్లారు. ఫోను చెప్పాల్సింది చెప్పింది. తరువాత సన్నగా, సిగ్గుపడుతూ ఒక కూనిరాగం వినిపించింది.

"ఎవరండీ పాడేది?" ఇంకెవరో లోపల్నుంచి.

"గడియ పడదటండీ."

"ఈ పక్కదీ అంతేనండీ. నేను కాలు అడ్డం పెట్టుకున్నాను. మీరు కానివ్వండి, బాగానే పాడుతున్నారు."

డైరెక్టర్‌గారు బయటికొచ్చి మా వంక చూడకుండా ముందుకు నడిచారు. కూనిరాగం మాత్రం రెండడుగుల దాకా ఆగలేదు.

తరువాతది ప్రయాణికులు వేచి ఉండే పెద్ద హాలు. దాని చివర్నే ఆయన చేరాల్సిన గేటు. బాణం అటే చూపిస్తోంది. ఆ హాలు దాటేదాకా ఫోను నోరు మూసుకుంటే చాలు, ఇంతవరకూ ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

"కంగారు పడకండి, టైముంది," అంది నా గొంతు. "కూర్చోండి. మంచినీళ్లు తాగండి."

నా క్లాసులో మధ్యాహ్నం పూట జరిగేదే అక్కడా జరిగింది. బిగుసుకున్న భుజాలు దిగాయి. నిలబడ్డవాళ్లు కూర్చున్నారు. సీసాల మూతలు తిరిగాయి. ఒక పిల్లవాడి ఏడుపు కూడా ఎందుకో తగ్గింది. చుట్టుపక్కలవాళ్లు డైరెక్టర్‌గారిని చుట్టుముట్టారు.

"ఏవండీ, మాకు కూడా టైముందా?"

"మాది ఇంకో విమానం. మాకూనా?"

ఆయన ఫోను చూపించి, "ఇది చెప్తోందండీ, నాకేం తెలుసు?" అన్నారు బిక్కమొహం వేసి.

హాలు మొదట్లో నీలం స్వెటర్ వేసుకున్న ఒకావిడ అంతసేపూ నిలబడి కనబడ్డవాళ్లనందరినీ ఏదో అడుగుతోంది. నా గొంతు విని హమ్మయ్య అని కూర్చుంది. చెప్పులు విడిచి, సంచి మీద కాళ్లు పెట్టుకుంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే నేనూ కూర్చున్నాను.

"ఆ మాట చెప్పినాయన ఎవరో గానీ చల్లగా ఉండాలి," అందావిడ. "ప్రాణం లేచొచ్చింది."

నాకు లోపల్లోపల గర్వంగానే అనిపించింది. "ఎవరి దగ్గరికమ్మా ప్రయాణం?"

"మా చెల్లెలి దగ్గరికి. రేపు దానికి ఆపరేషన్. కళ్లు తెరిచేసరికి నేను కనపడకపోతే పాపం నర్సుల మీద పడి అరుస్తుంది. చూడండి, ఈ గేటేనా నాది?"

టికెట్టు అందించింది. గేటు ఇది కాదు, అవతలి వైపు చివరిది. టైము చూశాను. గోడ మీది గడియారం చూశాను. మళ్లీ టికెట్టు చూశాను. పైన మైకులో ఎవరో నోట్లో దూది పెట్టుకున్నట్టు ఏదో గొణిగారు. అందులో 'ఆఖరి' అన్న ముక్క ఒక్కటే అర్థమైంది.

ఆవిడకి టైము లేదు. ఉందని చెప్పింది నేను.

చిట్టికి టికెట్టు చూపించాను. చిట్టి టికెట్టు చూసింది, డైరెక్టర్‌గారి వీపు చూసింది. ఆయన గేటుకి చేరడానికి ఇంకెంతో లేదు. తరువాత ఆవిడ విడిచిపెట్టిన చెప్పుల వంక చూసింది.

"మావయ్యా, ఈవిడ సంచి నువ్వు తీసుకో. అమ్మా, లేవండి. మీ విమానం వెళ్లిపోతోంది."

"టైముందన్నాడుగా ఆయన!"

"ఆయనకేం తెలీదు, లేవండి!"

ఆవిడ లేచింది గానీ మోకాళ్లు లేవలేదు. పక్కన ఎవరో వదిలేసిన సామాను బండి ఉంది. చిట్టి దాన్ని ముందుకు లాగింది.

"నేనేమైనా సూట్‌కేసునా?" అందావిడ.

"ఇవాళ్టికి అవ్వండి పిన్నిగారూ!"

బండి చక్రాలు కిర్రుమన్నాయి. నేను ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో ఆవిడ చెప్పులు పట్టుకుని వెనక పరిగెత్తాను.

"ఎక్కడికి?" డైరెక్టర్‌గారు వెనక్కి తిరిగి అరిచారు. "పరీక్ష అవలేదు!"

"అయిపోయింది సార్!" అంది చిట్టి, తల తిప్పకుండా.

చివరి గేటు దగ్గర ఒక యువకుడు తలుపు వేయబోతున్నాడు. "ఆపండి!" అని అరిచాను. నా గొంతులోంచి అంత శబ్దం వస్తుందని నాకే తెలియదు. అతను ఆగింది ఆ అరుపుకి కాదనుకుంటాను. ఆడవాళ్ల చెప్పులు పట్టుకుని పరిగెత్తుకొస్తున్న ముసలాయన్ని చూసి ఆగాడు. టికెట్టు చూసి, తలుపు వదిలాడు. ఆ కుర్రాడికి నేను పేరు కూడా అడగలేదు, కృతజ్ఞతలైనా సరిగా చెప్పలేదు.

ఆవిడ బండి దిగి, సంచి భుజాన వేసుకుని, చెప్పులు చంకలో పెట్టుకుని లోపలికి నడిచింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగింది.

"మీరు చల్లగా ఉండాలి బాబూ. ఆ టైముందన్న మనిషి కనబడితే నా పేరు చెప్పి నాలుగు తగిలించండి!"

"తప్పకుండా," అన్నాను.

మేమిద్దరం ఆ ఖాళీ గేటు దగ్గర కూర్చున్నాం. చిట్టి ఏడవలేదు. తన సంచిలోంచి నీళ్లసీసా తీసి ముందు నాకిచ్చింది.

డైరెక్టర్‌గారు రొప్పుతూ వచ్చారు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"మీరెటు వెళ్లారో తెలీక సెక్యూరిటీ ఆవిణ్ని అడిగాను. అంటే, మనిషిని అడిగాను."

"తెలుసు సార్. ఫోను ఇచ్చేయండి."

"ముందు ఇది చెప్పు. ఈ గొంతేమిటి, ఈ కుర్చీలేమిటి?"

చిట్టి మీట సంగతీ, అసలు వినపడాల్సిన గాజు గొంతు సంగతీ చెప్పింది. "ఇది మా ఇల్లు సార్. బయలుదేరేముందు మా నాన్న ఒక్కసారి అంటే కాదనలేక 'ఇల్లు' మీద పెట్టి, తిప్పడం మర్చిపోయాను."

"ఆ కుర్చీ?"

"మా హాల్లోది."

"బాత్‌రూమ్ గడియ?"

"మాదే సార్."

"మాది కూడా," అన్నారాయన. కాసేపు బూట్లు చూసుకున్నారు. తరువాత నా వంక తిరిగారు. "గొంతు మీదా? ఇన్నేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను గానీ, ఆఫీసు తలుపులోంచి రావడం, ఆఫీసు తలుపులోంచి పోవడం. ఇవాళ ఆ హాల్లో అందరూ ఒకే ప్రశ్న అడిగారు నన్ను. ఒక్కరికీ జవాబు చెప్పలేకపోయాను. మీ ఫోను చెప్పింది. తప్పు చెప్పిందనుకోండి."

"తప్పే చెప్పింది సార్," అన్నాను.

"అందుకే ఇవాళ పని ఇవ్వను." చిట్టి తల దించుకుంది. "సోమవారం మళ్లీ రండి. ఆ గాజు గొంతులేవీ వద్దు, ఈయన గొంతే ఉంచండి. కానీ టైము లేనప్పుడు లేదని చెప్పాలి. విన్నవాడు లేచి పరిగెత్తాలి. నేను కూర్చుని ఉంటాను. నేను పరిగెత్తితే పని మీది. పరిగెత్తకపోతే వాళ్లది."

ఒకే రంగు టైలు దూరంగా నిలబడి తలలూపాయి.

ఆ సాయంత్రమే ఇంట్లో మొదలుపెట్టాం. బావ సోఫాలో కూర్చున్నాడు. నేను చెబితే ఆయన లేవాలి. చిట్టి ఫోను బల్లమీద పెట్టి రికార్డింగు నొక్కింది.

"ఆలస్యమవుతోంది. దయచేసి కాస్త త్వరగా నడవండి," అన్నాను.

బావ కళ్లు అరమోడ్పులయ్యాయి. "బాగుంది. ఇంకోసారి చెప్పు."

"విమానం బయలుదేరుతోంది! లేవండి!"

"ఆ లేవండి వింటే పడుకోవాలనిపిస్తోంది బావమరిదీ. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రపట్టలేదు. మేడ మీదికెళ్లకుండా ఇక్కడే చెబుతూ ఉండు."

"ఇల్లు తగలబడుతోందని నువ్వు చెప్పినా దుప్పటి మడతపెట్టి వస్తారు మావయ్యా," అంది చిట్టి.

పోనీ అని బావ చెప్పాడు. సగంలో దగ్గొచ్చింది. చిట్టి చెప్పింది. ఆ వేగానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చిట్టి చేతుల్లో తల పెట్టుకుంది. ఆ మెడికల్ షాపు పైగది, ఆ ఇద్దరూ తన కళ్లముందు కదులుతున్నారని నాకు తెలుసు.

అప్పుడు వంటింట్లోంచి అక్క వచ్చింది. కాఫీలు పెట్టి పిలిచిందట, మాకెవరికీ వినపడలేదు.

"ఏవండీ! ఎంతసేపు పిలవాలి? ఏమిటా కూర్చోడం? లేవండి ముందు! కదలండి! ఆలోచించేదేదో అక్కడికెళ్లాక ఆలోచిద్దురుగాని!"

బావ లేచి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. చిట్టి కూడా. చిట్టి అయితే అప్పటికే వంటింటివైపు రెండడుగులు వేసింది కూడా. అక్కడ ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి బల్లమీది ఫోను చూసింది. రికార్డింగు నడుస్తూనే ఉంది.

"అమ్మా, ఇంకోసారి అను."

"ఏమనాలి?"

"ఇప్పుడన్నదే."

అక్క చీర కొంగు సవరించుకుంది. గొంతు సవరించుకుంది. "అందరూ దయచేసి లేచి నిలబడవలసిందిగా కోరుచున్నాము," అంది, వేదికమీద పూలగుత్తి ఇస్తున్నట్టు.

మొదటిదే ఉంచారు.

సోమవారం డైరెక్టర్‌గారు ఆ హాల్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. వేరే కంపెనీవాళ్లు వెనక వరసలో కూర్చున్నారు. చిట్టి ఈసారి మీట మూడుసార్లు చూసుకుని ఫోను ఆయన చేతికిచ్చింది. ముందురోజు ఆదివారమంతా నేను డైరెక్టర్‌గారు ఇప్పించిన పాసుతో అక్కడే తిరిగి, ఆ హాల్లో నిజంగా ఉన్నవే మళ్లీ చెప్పాను. "మంచినీళ్లు కుడివైపు. బాత్‌రూమ్ దాని పక్కనే, గడియ బాగుచేశారు." డైరెక్టర్‌గారు నిదానంగా తలూపారు. కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలారు. చిట్టి మొహం పాలిపోయింది. ఆయన లేచేటట్టు కనబడలేదు.

"ఏవండీ!" అంది ఫోను. "ఎంతసేపు పిలవాలి? ఏమిటా కూర్చోడం? లేవండి ముందు! కదలండి!"

ఆయన లేచారు. లేచానని ఆయనకి తెలిసేలోగానే పరిగెత్తుతున్నారు. టై భుజం మీదుగా వెనక్కి ఎగిరింది. దారిలో నిలబడ్డవాళ్లు పక్కకి తప్పుకున్నారు. సెక్యూరిటీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఒకే రంగు టైలన్నీ కూడా లేచి, ఎందుకో తెలియకుండానే, ఆయన వెనకే పరిగెత్తాయి.

మేము చేరేసరికి ఆయన గేటు దగ్గర మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నారు.

"ఆవిడెవరమ్మా?"

"మా అమ్మ సార్."

"ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇంకా గట్టిగా వినిపిస్తుంది సార్. ఫోనుకి అంత శక్తి లేదు."

ఆయనకి నవ్వడానికి ఊపిరి చాలలేదు. చేత్తోనే సైగ చేశారు, పని మీది అని. తరువాత నిటారుగా నిలబడి, టై సరిచేసుకుని, రొప్పుతున్న ఆ కంపెనీవాళ్లకి మర్యాదగా, "మీరు కూడా పరిగెత్తారు కదండీ, ఇంకేం చెప్పమంటారు?" అన్నారు.

చిట్టి కిటికీ దగ్గరికి వెళ్లి ఆఫీసుకి ఫోను చేసింది. "మనకే వచ్చింది," అంది. అవతల ఏదో కింద పడ్డట్టయింది, కుర్చీయో ఏమో. ఆ తరువాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నిలబడ్డచోటు నుంచి నాక్కూడా వినిపిస్తోంది గానీ ఒక్క ముక్క అర్థం కావడం లేదు. చిట్టికీ అర్థమై ఉండదు. అయినా ఫోను చెవి దగ్గరనుంచి తీయకుండా, అవుననీ, నిజమేననీ, చాలాసేపు తలూపుతూ నిలబడింది.